అర్థశాస్త్రపు గడప మీద గణితం

అర్థశాస్త్రం చదవడానికి గణితం ఎంత కావాలి? ఆ గణితాన్ని బడిలో నేర్చుకోలేకపోయినవాడు ఎక్కడ నేర్చుకోవాలి? పైకి చూస్తే ఇవి పరీక్షల ముందు విద్యార్థులు వేసుకునే ప్రశ్నల్లాగే వుంటాయి. కాని వీటి వెనక నూట ఎనభై యేళ్లకు మించిన చరిత్ర వున్నది. ఒక శాస్త్రం ఏ భాషలో మాట్లాడాలి, ఆ భాష ఎవరికి అందాలి అనే తగాదా ఆ చరిత్రలో మొదటినుంచీ నడుస్తూనే వున్నది. ఈ వ్యాసంలో ఆ తగాదానే పరిశీలించదలిచాను.

ముందుగా నా సంగతి కొంచెం చెప్పుకోక తప్పదు. గోదావరి జిల్లాలో ఒక చిన్న పట్టణపు కళాశాలలో తెలుగు మాధ్యమంలో బి.ఏ. చదివాను. చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం నా పాఠ్యవిషయాలు. పదో తరగతితోనే లెక్కలకు ఒక నమస్కారం పెట్టేశాను. ఎం.ఏ.లో చేరిన మొదటివారంలోనే మా ఉపాధ్యాయుడు నల్లబల్ల నిండా పాక్షిక అవకలజాలు రాసి, "ఇదంతా మీకు తెలిసిందే గదా" అని ముందుకు సాగిపోయారు. తెలియదని చెప్పే ధైర్యం మాలో ఒక్కరికీ లేకపోయింది. ఆ సంవత్సరం సమీకరణాలను అర్థం చేసుకోలేదు, బొమ్మల్లాగా కంఠస్థం చేశాను. పరీక్ష గట్టెక్కాను గాని శాస్త్రం గట్టెక్కలేదు. చాలా యేళ్ల తర్వాత, ముప్పై దాటాక, ఒక పాత కంప్యూటరు ముందు కూర్చుని, ప్రపంచానికి అవతలి కొసన ఎవరో ఉచితంగా పెట్టిన పాఠాలు విని ఆ నల్లబల్ల మీది రాతలు అర్థం చేసుకున్నాను. నా వంటివాళ్లు మన జిల్లాల్లో వేలల్లో వున్నారని తర్వాత తెలిసింది.

1

అర్థశాస్త్రం పుట్టుకతోనే గణితం మాట్లాడలేదు. 1776లో ఆడమ్ స్మిత్ రాసిన గ్రంథాన్ని చదువు వచ్చిన ప్రతివాడూ చదవగలడు. 1817లో రికార్డో విదేశవ్యాపారాన్ని గూర్చి చెప్పిన వాదమంతా నాలుగు అంకెల మీద నిలిచింది. ఇంగ్లండులో బట్టకు 100 మంది శ్రమ, ద్రాక్షసారాకు 120 మంది శ్రమ కావాలి. పోర్చుగల్‌లో సారాకు 80, బట్టకు 90 చాలు. రెండు సరుకులనూ పోర్చుగలే చవకగా తయారుచెయ్యగలిగినా, ఇద్దరూ మారకం చేసుకోవడం ఇద్దరికీ లాభమే అని ఆ నాలుగు అంకెలతో అతను నిరూపించాడు. కూడికా తీసివేతా వచ్చిన వర్తకుడికి ఇది అందుతుంది.

ఈ స్థితిని మార్చబోయిన మొదటివాడు ఫ్రాన్సులో కూర్నో. 1838లో అతను డిమాండును ధర మీద ఆధారపడే ప్రమేయంగా రాసి, కలనగణితాన్ని అర్థశాస్త్రంలోకి తీసుకువచ్చాడు. గ్రంథాన్ని పట్టించుకున్నవాడు లేడు. ఇరవై అయిదేళ్లు ఆగి 1863లో అదే విషయాన్ని సమీకరణాలు లేకుండా మాటల్లో తిరిగి రాశాడు. దాన్నీ ఎవరూ పట్టించుకోలేదు. గణితం తెలిసినవాడికి అర్థశాస్త్రం అక్కరలేదు, అర్థశాస్త్రం తెలిసినవాడికి గణితం రాదు. ఈ ఇద్దరి నడుమ కూర్నో ఒంటరివాడయ్యాడు.

అతని తర్వాత వాల్రా కథ మరీ విచిత్రం. అర్థవ్యవస్థలోని మార్కెట్లన్నిటినీ ఒకే సమీకరణాల గుంపుగా చూపించినవాడుగా ఈ వాల్రాకు పేరున్నది. ఆ మహాశయుడు యౌవనంలో పారిస్‌లోని పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష రెండుసార్లు తప్పాడు. కారణం, గణితం చాలకపోవడం! లాసాన్‌లో ఆచార్యపదవిలోకి వచ్చిన తర్వాత కూడా, ఉపాంత ప్రయోజనాన్ని డిమాండుతో ఎట్లా ముడిపెట్టాలో అతనికి అంతుపట్టలేదు. 1872లో అక్కడే యంత్రశాస్త్రం చెప్పే పికార్ అనే సహోద్యోగి కాగితం మీద గరిష్ఠ విలువను కనుక్కునే పద్ధతి రాసి చూపించాడు. రెండేళ్ల తర్వాత, 1874లో, వాల్రా గ్రంథం మొదటి భాగం వెలువడింది. గణితాత్మక అర్థశాస్త్రానికి పునాది వేసినవాడే పొరుగు గదిలోని మిత్రుణ్ణి అడిగి నేర్చుకున్నాడన్నమాట. అడగగల మిత్రుడు పొరుగున వుండడమే అతని అదృష్టం. ఆ అదృష్టం లేనివాళ్ల గతి ఏమిటన్నదే మన ప్రశ్న.

ఇంగ్లండులో మార్షల్ మరొక దారి పట్టాడు. 1865లో కేంబ్రిడ్జి గణిత పరీక్షలో రెండవ స్థానం పొందినవాడు అతను. గణితం రాక కాదు, కావాలనే 1890 నాటి తన గ్రంథంలో బొమ్మలను అధోజ్ఞాపికల్లోకి, సమీకరణాలను అనుబంధంలోకి నెట్టాడు. గణితాన్ని పొట్టిరాతగా వాడుకోమనీ, తేలిన విషయాన్ని మాటల్లోకి తర్జుమా చెయ్యమనీ, నిజజీవితంలోంచి ఉదాహరణ ఇవ్వమనీ, ఆ పైన లెక్కల కాగితాలు తగలబెట్టమనీ 1906లో ఒక శిష్యుడికి సలహా ఇచ్చాడు. ఈ సలహాలో వివేకం వున్నది. కాని కాగితాలు తగలబెట్టే స్వేచ్ఛ అవి రాయగలిగినవాడికే వుంటుంది గదా!

2

ఇదే కాలంలో విశ్వవిద్యాలయాల గోడల వెలపల మరొక విద్యార్థి గణితంతో కుస్తీ పడుతున్నాడు. అతను కార్ల్ మార్క్స్. 1858 జనవరిలో ఎంగెల్సుకు రాసిన ఉత్తరంలో, లెక్కల్లో పొరపాట్ల వల్ల తన పని ఆగిపోతున్నదనీ, విసిగిపోయి బీజగణితం మళ్లీ తిరగవేస్తున్నాననీ చెప్పుకున్నాడు. అంకగణితం తనకు ఎన్నడూ లొంగలేదనీ, బీజగణితం దారిలో వెళితే మాత్రం పని త్వరగా సాగుతున్నదనీ ఒప్పుకున్నాడు. అప్పటికి అతనికి నలభై యేళ్లు నిండలేదు. 1873లో మరొక ఉత్తరంలో, ధరలూ వడ్డీరేట్లూ ఎగుడుదిగుడుగా నడిచే పట్టికల నుంచి సంక్షోభాల సూత్రాలను గణితంతో రాబట్టాలని వుందన్నాడు. గణితం తెలిసిన మిత్రుడు శామ్యూల్ మూర్ అది అప్పటికి సాధ్యం కాదన్నాడట. కలనగణితం మీద మార్క్స్ రాసుకున్న కాగితాలు చాలాకాలం తర్వాత 1968లో మాస్కోలో సంపూర్ణంగా అచ్చయ్యాయి.

ఆ కాగితాల్లో ఒక పాఠం వున్నది. మార్క్స్ ఎన్నుకున్న పాఠ్యగ్రంథాలు అప్పటికే పాతబడినవి. అవధి అనే భావనను కోషీ 1820ల్లోనే స్థిరపరిచి, కలనగణితానికి గట్టి పునాది కట్టాడు. మార్క్స్‌కు ఆ సంగతి చేరలేదు. అందువల్ల యూరపు గణితజ్ఞులు ఏనాడో దాటిన చిక్కుముడితో అతను ఒంటరిగా పెనుగులాడాడు. అంతటి మేధావికి కూడా పుస్తకం దొరకడం ఒకటి, సరైన పుస్తకం దొరకడం మరొకటి అయింది. ఈనాడు కంప్యూటరు ముందు కూర్చున్న విద్యార్థికి కూడా ఇదే కష్టం. అప్పుడు పుస్తకాలు తక్కువై దారి తెలియలేదు, ఇప్పుడు ఎక్కువై తెలియడం లేదు.

బయటివాడికోసం ప్రత్యేకంగా రాసిన గణిత గ్రంథాలు ఇరవయ్యో శతాబ్దంలో వచ్చాయి. 1910లో సిల్వానస్ థాంప్సన్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు కలనగణితాన్ని సులభం చేస్తూ ఒక చిన్న పుస్తకం రాసి, తన పేరు పెట్టకుండానే ప్రకటించాడు. గుర్తులను చూసి భయపడనక్కరలేదనీ, కలనగణితపు పెద్దలు చిన్న విషయాన్ని కష్టంగా చెప్పడం అలవాటు చేసుకున్నారనీ అతని వాదం. 1936లో హాగ్‌బెన్ లక్షలాది సామాన్యుల కోసమని చెప్పి గణితాన్ని చరిత్రతో కలిపి రాశాడు. గణితం పూజారుల సొత్తుగా మారినప్పుడల్లా సమాజానికి నష్టం జరిగిందని అతని నమ్మకం. థాంప్సన్ పుస్తకం ఇప్పుడు గూటెన్‌బర్గ్ గ్రంథాలయంలో ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. ఆ గ్రంథాలయాన్ని 1971లో మైకేల్ హార్ట్ అనే అమెరికన్ విద్యార్థి ఆరంభించాడు.

3

1930లో ఎకనామెట్రిక్ సొసైటీ ఏర్పడింది. 1938లో అలెన్ అర్థశాస్త్రజ్ఞుల కోసం గణిత గ్రంథం రాశాడు. 1947లో శామ్యూల్సన్ గ్రంథం వచ్చిన తర్వాత గణితం అనుబంధంలోంచి మొదటి పుటకు ఎక్కింది. 1967లో ఆల్ఫా చాంగ్ రాసిన పాఠ్యగ్రంథం విశ్వవిద్యాలయాల్లో ఒక తరం తర్వాత మరొక తరాన్ని ఈ దారిలో నడిపింది. మార్కెట్ల సమతాస్థితిని సిద్ధాంతాలుగా నిరూపించడమే అర్థశాస్త్రమని భావించేవారు పెరిగారు. ఇది చూసి మనలో కొందరు మిత్రులు, గణితం పెట్టుబడిదారీ అర్థశాస్త్రపు ముసుగు మాత్రమేనని తీర్మానిస్తారు. నేను దీన్ని అంగీకరించలేను. చరిత్ర అట్లా చెప్పడం లేదు.

1938 - 39లో లెనిన్‌గ్రాడ్‌లో ఒక ప్లైవుడ్ సంస్థ తన యంత్రాల మధ్య పనిని ఎట్లా పంచాలో చెప్పమని యువ గణితజ్ఞుడు కాంటరోవిచ్‌ను అడిగింది. ఆ ప్రశ్నలోంచి లీనియర్ ప్రోగ్రామింగ్ పుట్టింది. అదే 1947లో అమెరికాలో డాంట్జిగ్ చేతుల్లో స్వతంత్రంగా మళ్లీ రూపు దిద్దుకున్నది. ఉక్కు చెయ్యడానికి బొగ్గు ఎంత, బొగ్గు తవ్వడానికి ఉక్కు ఎంత అనే ముడిని లియాంటీఫ్ 1936లో మాత్రికలుగా విప్పాడు. మన దేశంలో మహలనోబిస్ 1931లో కలకత్తాలో సాంఖ్యక పరిశోధనాలయాన్ని స్థాపించాడు. 1956లో మొదలైన రెండవ పంచవర్ష ప్రణాళికకు వెన్నెముకగా నిలిచిన ఆయన నమూనా, యంత్రాలను తయారుచేసే యంత్రాలకు పెట్టుబడిలో ఎంత వాటా ఇవ్వాలనే ప్రశ్నను సమీకరణాల్లో పెట్టింది. సోవియట్ యూనియనులో ఫెల్డ్‌మన్ 1928లోనే ఇటువంటి నమూనా కట్టాడు. ప్రణాళిక మంచిచెడ్డలు వేరే చర్చ. దాన్ని సమర్థించడానికైనా విమర్శించడానికైనా ఆ సమీకరణాలు చదవక తప్పదన్నది మాత్రం స్పష్టం.

ఆ కలకత్తా సంస్థలోనే మన తెలుగువాడు సి.ఆర్.రావు గణితశాస్త్రపు దారి మళ్లించాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసిన ఆయన ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి, 1941లో మహలనోబిస్ సంస్థలో చేరాడు. 1945లో ఆయన ప్రకటించిన వ్యాసంలోని ఫలితాన్ని ఈనాడు ప్రపంచంలో సాంఖ్యకశాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ నేర్చుకుంటాడు. ఆర్థిక గణాంకాలతో పనిచేసేవాళ్లు దాన్ని తప్పించుకోలేరు. రావుగారు 2023లో, నూరేళ్లు దాటాక కన్నుమూశారు.

కాబట్టి గణితం ఒక వర్గం సొత్తు కాదు. దాన్ని ఎవరికి నేర్పుతున్నాం, ఎవరి ముందు తలుపు వేస్తున్నాం అన్నదే అసలు సమస్య. 2000 జూన్‌లో పారిస్‌లో అర్థశాస్త్ర విద్యార్థులు ఒక బహిరంగ విజ్ఞప్తి ప్రకటించారు. గణితమే పరమార్థమై కూర్చున్నదనీ, తమ పాఠాలు ఊహాలోకాల్లో తిరుగుతున్నాయనీ, నిరుద్యోగం, అసమానత వంటి వాస్తవాలు అందులో కనపడడం లేదనీ వాళ్ల ఫిర్యాదు. ప్రభుత్వం దీని మీద ఫిటూసీ చేత నివేదిక రాయించవలసివచ్చింది. గమనించవలసిన సంగతి ఏమంటే, ఆ విద్యార్థుల్లో చాలామంది గణితం బాగా వచ్చినవాళ్లే. గడప లోపల వున్నవాళ్లు ఇల్లు బాగులేదన్నారు. గడప బయట వున్నవాడికి ఆ మాట అనే అధికారం కూడా లేదు. అన్నా, చేతకాక అంటున్నాడంటారు. తలుపు తెరుచుకోవడం విమర్శకు కూడా మొదటి మెట్టు.

4

తలుపు తెరిచే ప్రయత్నాలు దూరవిద్యతో మొదలయ్యాయి. బ్రిటనులో 1969లో ఏర్పడిన ఓపెన్ యూనివర్సిటీ 1971 నుంచి టెలివిజన్‌లో పాఠాలు చెప్పింది. మన హైదరాబాదులో 1982లో దేశంలోకెల్లా మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలిసింది. తర్వాత దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. అయినా పాఠం వినాలంటే చేరాలి, రుసుము కట్టాలి, ప్రసార సమయానికి ఇంట్లో వుండాలి.

2001లో అమెరికాలోని ఎం.ఐ.టి. తన పాఠ్యసామగ్రిని ప్రపంచమంతటికీ ఉచితంగా ఇంటర్‌నెట్‌లో పెడతానని ప్రకటించి, 2002లో యాభై కోర్సులతో మొదలుపెట్టింది. అక్కడి గణితాచార్యుడు గిల్బర్ట్ స్ట్రాంగ్ 1999లో తరగతిలో చెప్పిన రేఖీయ బీజగణితం పాఠాలు ఈ దారిలోనే లోకానికి అందాయి. సుద్దముక్కతో నల్లబల్ల మీద రాస్తూ, తనే ప్రశ్న వేసుకుని తనే ఆలోచిస్తున్నట్లు చెబుతాడు ఆయన. 2003లో మన ఐ.ఐ.టి.లూ బెంగుళూరు విజ్ఞానసంస్థా కలిసి ఎన్.పి.టి.ఇ.ఎల్. ఆరంభించాయి. 2004లో సల్మాన్ ఖాన్ అనే యువకుడు దూరపు వూళ్లో వున్న చిన్నమ్మాయి, తన బంధువు, లెక్కల్లో వెనకబడిందని తెలిసి ఫోను మీద పాఠాలు చెప్పాడు. 2006 నుంచి వాటిని యూట్యూబులో పెట్టాడు. ఖాన్ అకాడమీ అట్లా పుట్టింది. అంకగణితం నుంచి కలనగణితం దాకా మెట్టుమెట్టుగా వుండడం దాని గొప్ప. లామర్ విశ్వవిద్యాలయంలో పాల్ డాకిన్స్ పెట్టిన గణిత నోట్సు లెక్కలు చేసి చూసుకునేవాడికి మంచి తోడు. 2016లో గ్రాంట్ శాండర్సన్ రేఖీయ బీజగణితాన్ని కదిలే బొమ్మలుగా చూపించాడు. 2017లో భారత ప్రభుత్వం స్వయం వేదికను తెచ్చింది. అదే 2017లో కోర్ అనే ఆచార్యుల బృందం అసమానతనూ వాతావరణాన్నీ మొదటినుంచీ చర్చించే అర్థశాస్త్ర పాఠ్యగ్రంథాన్ని ఉచితంగా ఇచ్చింది. అందులో కలనగణితాన్ని విడిగా, లైబ్నిజ్ పేరు పెట్టిన భాగాల్లో వుంచారు. కావలసినవాడు తెరుస్తాడు, అక్కరలేనివాడు దాటిపోతాడు. మార్షల్ అనుబంధం మళ్లీ తిరిగివచ్చింది. అయితే ఈసారి తగలబెట్టమనకుండా, చదువుకొమ్మంటూ వచ్చింది.

ఈ పాఠాలు ఏం చేస్తాయో నా అనుభవంలోంచి ఒక ఉదాహరణ ఇస్తాను. ఒక నూనె గానుగ ఖర్చు ఇట్లా వుందనుకుందాం: స్థిరవ్యయం 500 రూపాయలు, ఆ పైన ఎన్ని కిలోలైతే దానికి 20 రెట్లు, దానికి తోడు ఆ కిలోల సంఖ్య వర్గం. 10 కిలోలకు ఖర్చు 800. 11 కిలోలకు 841. అంటే పదకొండో కిలోకు 41 రూపాయలు. మా నల్లబల్ల మీది సూత్రం మాత్రం 10 కిలోల దగ్గర ఉపాంత వ్యయం 40 అంటుంది. ఈ ఒక్క రూపాయి తేడా నన్ను ఎన్నో యేళ్లు వేధించింది. ఒక రాత్రి పాఠం విని కాగితం తీసుకున్నాను. కిలోకు బదులు పదోవంతు కిలో పెంచితే ఖర్చు 804.01, పెరిగిన 4.01ని 0.1తో భాగిస్తే 40.1. నూరోవంతు పెంచితే 40.01. అడుగు చిన్నదయ్యేకొద్దీ జవాబు 40 దగ్గరికి జరుగుతూ వచ్చింది. అవధి అంటే ఇదే! మార్క్స్‌కు చేరని సంగతి ఇదే! ఆ రాత్రి నాకు సంతోషం కంటే కోపమే ఎక్కువ కలిగింది. ఇంతటి చిన్న విషయాన్ని ఒక గంట ఓపికగా చెబితే, నా తోటి విద్యార్థులు కొందరు చదువు మానుకుని వుండేవారు కాదు.

దారి తెలియక తడుముకునేవాళ్ల కోసం నేను నడిచిన వరస చెబుతాను. ముందు బీజగణితమూ, రేఖాచిత్రాలూ, ఘాతాంకాలూ, సంవర్గమానాలూ. తర్వాత ఒకే చలరాశితో అవకలనం. తర్వాత పాక్షిక అవకలజాలు. వాటితోపాటు, ఆదాయం ఇంతే అన్న షరతు కింద గరిష్ఠ విలువను కనుక్కునే లగ్రాంజ్ పద్ధతి. ఆ పైన మాత్రికలు. వీటన్నిటితోపాటు సంభావ్యత, సాంఖ్యకశాస్త్రం. సమాకలనం తర్వాత చూసుకోవచ్చు. ఈ వరస తప్పినవాడు మంచి పాఠం విని కూడా, నాకు బుర్ర లేదు అనుకుని లేచిపోతాడు. పాఠం వినడం సగమే. లెక్క చెయ్యనివాడికి గణితం రాదు. ఒడ్డున కూర్చుని చూస్తే ఈత రానట్లే.

5

అయితే తలుపు పూర్తిగా తెరుచుకున్నదని పండుగ చేసుకోవడానికి లేదు. పాఠం ఉచితం, పరీక్షకూ సర్టిఫికేటుకూ చాలాచోట్ల రుసుము వున్నది. ఉద్యోగమిచ్చేవాడు జ్ఞానాన్ని చూడడు, కాగితాన్ని చూస్తాడు. పాఠం వినడానికి నిలకడైన కరెంటు, సొంత ఫోను, పక్కవాళ్లు పిలవని ఒక గంట కావాలి. ఇంట్లో ఒకే ఫోను వుంటే అది ముందు ఎవరి చేతిలో వుంటుందో, ఆడపిల్ల చేతికి ఎప్పుడు వస్తుందో అందరికీ తెలుసు.

వీటన్నిటికంటె పెద్ద గోడ భాష. తెలుగు అకాడమీ 1968లో ఏర్పడి పాఠ్యగ్రంథాలు తెచ్చింది, పారిభాషిక పదాలు కూర్చింది. ప్రమేయం, అవధి, అవకలనం, మాత్రిక అనే మాటలు ఆ కృషివల్లనే మన విద్యార్థుల నోళ్లలో నిలిచాయి. ఎన్.పి.టి.ఇ.ఎల్. కొన్ని పాఠాలను తెలుగులోకి తెచ్చింది. ఇది మంచి ఆరంభం. కాని ఇంగ్లీషు ఉపన్యాసం కింద తెలుగు అక్షరాలు నడిస్తే అది తెలుగు పాఠం కాదు. మన పల్లెలో గణితం లేదా? నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన వంద, బారువడ్డీ అయితే మూడేళ్లకు 172 అవుతుంది. చక్రవడ్డీ అయితే 204. చక్రవడ్డీ అప్పును మూడేళ్లలో రెట్టింపు చేస్తుందని మా అమ్మమ్మకు తెలుసు. ఆమె సంతకం కూడా చెయ్యలేదు. ఘాతప్రమేయం ఆమె అనుభవంలో వున్నది, దాని పేరే ఆమె వద్ద లేదు. ఆ అనుభవం నుంచి ఆ పేరు దాకా నడిపించే పాఠమే తెలుగు పాఠం. దాన్ని మసాచుసెట్స్‌లోని ఆచార్యుడు చెప్పలేడు. మనమే చెప్పాలి.

వాల్రాకు పొరుగు గదిలో పికార్ వున్నాడు. మార్క్స్‌కు ఉత్తరం రాసి అడగడానికి మూర్ వున్నాడు. దూరపు వూళ్లో చిన్నమ్మాయికి ఫోను చేసే బంధువు వున్నాడు. యంత్రం ఎంత పెరిగినా, ఈ చరిత్రలో నేర్చుకున్న ప్రతివాడి పక్కనా అడగడానికి ఒక మనిషి కనపడుతున్నాడు. తెలుగు మాధ్యమంలో చదివి గడప దాటినవాళ్లం మనం చాలామందిమి వున్నాం. కళాశాల గ్రంథాలయంలో వారానికి ఒక సాయంత్రం నలుగురు కూర్చుని ఒక ఉచిత పాఠం కలిసి విని, కాగితం మీద లెక్కలు చేసి, తెలియనిది తెలియదని సిగ్గు లేకుండా చెప్పుకునే చోటు మనం ఏర్పాటు చెయ్యలేమా? దీనికి నిధులు అక్కరలేదు. "ఇదంతా మీకు తెలిసిందే గదా" అనే మాటను ఆ గదిలోకి రానివ్వకుండా వుంటే చాలు.